కుట్లు మానాక మొదలయ్యే వైద్యం: తొడ ఆపరేషన్ తర్వాత కాలి బలం

తొడకు ఆపరేషన్ జరిగిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక కొద్దిరోజులకు కుట్లు మానతాయి. ఎక్స్‌రేలో ఎముక సరిగ్గా కూర్చుని కనిపిస్తుంది. గండం గడిచిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. రెండు నెలలు దాటాక కూడా గడప దాటేటప్పుడు ఉన్నట్టుండి మోకాలు మడుచుకుపోతుంది. మెట్టెక్కాలంటే గోడ పట్టుకోవాలి. నేల మీద కూర్చుంటే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. ‘కాలు నిలవడం లేదు’, ‘తొడ ఎండిపోయింది’, ‘పట్టు తప్పుతోంది’ అని రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో వినిపించే మాటలన్నీ ఈ స్థితి గురించే. ఆపరేషన్ విఫలమైందేమోనన్న భయం అప్పుడే మొదలవుతుంది. నిజానికి చాలామందిలో ఆపరేషన్ బాగానే జరిగి ఉంటుంది. దాని తర్వాత జరగాల్సిన వైద్యమే జరగలేదు. ఆ వైద్యం గురించి ఇప్పటివరకు తెలిసిందేమిటి, అందులో ఏది గట్టిగా రుజువైంది, ఏది నమ్మకం మాత్రమే, మన ప్రాంతంలో అది ఎక్కడ ఆగిపోతోంది అన్నదే ఈ సమీక్ష.

ఈ ప్రశ్న ఇక్కడ ఎందుకు పెద్దది

కర్నూలు నుంచి నంద్యాల, కడప, రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా రాణిపేట వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మన రాయచోటి గుండానే పోతుంది. కడప వైపు వెళ్తే గువ్వలచెరువు ఘాట్ మలుపులు వస్తాయి. లారీలు, బస్సులు, ద్విచక్ర వాహనాలు కలిసి దిగే ఆ దారి ప్రమాదాలకు పేరుపడింది. వేగంగా వెళ్తూ పడినవాళ్లలో తొడ ఎముక విరగడం సాధారణంగా చూసే గాయం. దీనికి తోడు పొలంలో జారిపడే వృద్ధులున్నారు. తొడలో చీము పట్టి కోత పెట్టించుకున్న షుగరు రోగులున్నారు. కువైట్‌లో పనిచేస్తూ దెబ్బ తగిలించుకుని ఇల్లు చేరినవాళ్లున్నారు.

మెట్ట సేద్యం, మేకల పెంపకం, డ్రైవింగు, గల్ఫ్ కూలి పని కాలి బలం మీద నిలిచే బతుకులు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగికి తొడ బలం సగానికి పడిపోయినా జీతం వస్తుంది. శెనక్కాయ పీకే కూలీకి, మందను తోలుకుపోయే కాపరికి ఆ సగం బలంతో ఇల్లు గడవదు. అందుకే తొడ కండ తిరిగి బలపడటం ఇక్కడ ఆరోగ్యంతో పాటు కుటుంబ ఆదాయానికీ సంబంధించిన విషయం.

తొడలో ఎవరి పని ఏమిటి

తొడ ముందు భాగంలో నాలుగు కండలు కలిసి ఒక జట్టుగా పనిచేస్తాయి. వైద్యులు దీన్ని క్వాడ్రిసెప్స్ అంటారు. నాలుగూ కిందికి వచ్చి ఒకే టెండన్‌గా మారతాయి. టెండన్ అంటే కండను ఎముకకు కలిపే గట్టి పట్టీ. అది మోకాటి చిప్పను పట్టుకుని, అక్కడి నుంచి కాలి ఎముకకు అతుక్కుంటుంది. మోకాలిని చాచడం, మెట్టు ఎక్కడం, కూర్చున్నచోటి నుంచి లేవడం దీని పని. మెట్లు దిగేటప్పుడు ఒళ్లు ముందుకు కూలిపోకుండా నిదానంగా దింపేదీ ఇదే. అందుకే ఇది బలహీనపడినవాళ్లకు దిగడం కూడా కష్టమవుతుంది.

వెనుక భాగంలో హ్యామ్‌స్ట్రింగ్స్ అనే మూడు కండలు మోకాలిని మడుస్తాయి, తుంటిని వెనక్కి లాగుతాయి. లోపలి వైపు కండలు రెండు తొడలను దగ్గరకు చేరుస్తాయి. తుంటి పక్కనుండే కండలు ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుము పక్కకు ఒరగకుండా ఆపుతాయి. తొడ ఎముకలో పైనుంచి రాడ్ వేసే ఆపరేషన్‌లో ఈ తుంటి కండలు కూడా కొంత దెబ్బతింటాయి. తొడ ఒక్కటే బాగుచేసుకుని తుంటిని వదిలేసినవాళ్ల నడకలో కుంటు మిగిలిపోవడానికి ఇదొక కారణం.

కండ అంత త్వరగా ఎందుకు కరుగుతుంది

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువకుల ఒక కాలికి కట్టు వేసి, మోకాలు కదపకుండా ఉంచి చూశారు. 2014లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం 5 రోజులకే తొడ కండ పరిమాణం సుమారు 3.5 శాతం, బలం 9 శాతం తగ్గాయి. 14 రోజులకు పరిమాణం 8 శాతం, బలం 23 శాతం పడిపోయాయి. వీళ్లకు గాయం లేదు, కోత లేదు. కేవలం కదలకపోవడం వల్లే ఇంత నష్టం జరిగింది. అరవై ఏళ్ల మనిషికి కోత, నొప్పి, మంచం తోడైతే ఎంత పోతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఈ లెక్కలో బలం కండకన్నా చాలా వేగంగా తగ్గిందన్న సంగతి గమనించాలి. కారణం నాడుల్లో ఉంది. ఆపరేషన్ అయినవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ; మోకాలి దగ్గర వాపు, నొప్పి ఉన్నప్పుడు వెన్నుపాము స్థాయిలోనే తొడ ముందు కండకు వెళ్లే ఆదేశం తగ్గిపోతుంది. మనిషి ఎంత ప్రయత్నించినా కండ పూర్తిగా బిగుసుకోదు. మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్లపై అమెరికాలో జరిపి 2005లో ప్రచురించిన పరిశీలనలో, ఆపరేషన్ తర్వాత ఒక నెలకు తొడ ముందు కండ బలం అంతకుముందున్న దానికన్నా 62 శాతం తక్కువగా తేలింది. ఆ లోటులో ఎక్కువ భాగం ఈ నాడీ నిరోధం వల్లే వచ్చింది. ‘మనసు పెట్టడం లేదు, బద్ధకం’ అని రోగిని కసిరే ఇంటివాళ్లు ఈ సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. కాలు మాట వినకపోవడం ఆ మనిషి తప్పు కాదు.

కండలో బాగుపడే శక్తి కూడా ఉంది. కండ తంతువుల అంచున నిద్రాణంగా ఉండి, గాయమైనప్పుడు మేల్కొని మరమ్మతు చేసే కణాలను 1961లో అలెగ్జాండర్ మౌరో గుర్తించారు. చిన్న చిరుగులను అవి బాగుచేస్తాయి. పెద్ద ముక్కే తీసేస్తే మాత్రం ఆ చోటును మచ్చకణజాలం నింపుతుంది, అది బిగుసుకోలేదు. అప్పుడు మిగిలిన కండలే పోయినవాటి పనిని కూడా మోయాలి. నాడి తెగితే అది రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది కాబట్టి బలం కోసం నెలల తరబడి ఎదురుచూడాలి.

ఏ ఆపరేషనో దాన్నిబట్టి దారి

‘తొడ ఆపరేషన్’ అన్న ఒక్క మాట కింద చాలా రకాలున్నాయి. పక్కింటాయన చేసిన వ్యాయామాన్ని చూసి మనం చేయకూడనిది అందుకే.

తొడ ఎముకలో రాడ్ వేసినప్పుడు ఎముక గట్టిగా నిలబడితే చాలామందికి కొద్దిరోజుల్లోనే వాకర్‌తో కాలు మోపమని చెబుతారు. ముక్కలు ముక్కలుగా విరిగినప్పుడు, ప్లేటు వేసినప్పుడు బరువు మోపడాన్ని కొన్ని వారాలు ఆపవచ్చు. ఎంత బరువు మోపాలో ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి.

మోకాటి చిప్ప పైన టెండన్ తెగి కుట్టినప్పుడు జాగ్రత్త ఎక్కువ. సాధారణంగా మొదటి ఆరు వారాలు మోకాలు చాచి ఉంచే బ్రేస్ వేస్తారు. మడత కోణాన్ని దశలవారీగా పెంచుతారు. తొందరపడి గొంతుకూర్చుంటే కుట్టిన టెండన్ మళ్లీ చిరిగే ప్రమాదం ఉంది.

వెనుక కండ పిరుదు ఎముక నుంచి ఊడి తిరిగి అతికించినప్పుడు మోకాలు చాచి నడుము వంచడం మొదటి వారాల్లో నిషేధం. కలుపు తీసేటప్పుడు, శెనక్కాయ పీకేటప్పుడు పొలంలో మనం వంగేది సరిగ్గా అలాగే. ‘బరువు ఎత్తొద్దు’ అని డాక్టరు చెప్పిన మాట ఒక్కటే గుర్తుపెట్టుకుని, కలుపు తీతకు బరువేముందిలే అనుకుని పొలానికి పోవడం పెద్ద ప్రమాదం.

తొడలో గడ్డ, క్యాన్సర్ కణితి తీసినప్పుడు నాలుగు ముందు కండల్లో ఎన్ని మిగిలాయన్నదాన్నిబట్టి ఫలితం ఉంటుంది. నోటి క్యాన్సర్ రోగులకు దవడ, చెంప కట్టడానికి తొడ నుంచి చర్మాన్ని, కొన్నిసార్లు కండను తీస్తారు. 1984లో చైనా వైద్యులు వివరించిన ఈ పద్ధతి ఇప్పుడు మన రాష్ట్రాల్లోనూ వాడుకలో ఉంది. నోటి బాధ ముందు తొడ బలహీనత చిన్నదిగా కనిపించడం వల్ల దానికి వ్యాయామం చెప్పేవాళ్లు తక్కువ.

చిన్నపిల్లల తొడల్లోకి పదేపదే ఇంజెక్షన్లు వేయడం వల్ల ముందు కండ గట్టిపడి మోకాలు మడవలేని స్థితి మరొకటి. జపాన్‌లో యమనాషి ప్రాంతంలో 1970లలో ఇలాంటి కేసులు పెద్దసంఖ్యలో బయటపడి ఆ దేశాన్ని కుదిపేశాయి. కండను వదులు చేసే ఆపరేషన్ తర్వాత మోకాలు మడిచే వ్యాయామాన్ని వెంటనే మొదలుపెట్టి కొనసాగించకపోతే అది మళ్లీ బిగుసుకుంటుంది.

మంచం నుంచి బరువు వరకు: ఒక చరిత్ర

ఒకప్పుడు తొడ ఎముక విరిగితే కాలికి బరువు కట్టి వారాల తరబడి మంచంలో ఉంచడమే వైద్యం. ఎముక అతికేసరికి కండ కరిగేది, మోకాలు బిగుసుకునేది. 1939లో జర్మనీ వైద్యుడు గెర్హార్డ్ కున్చర్ ఎముక మూలుగలోకి రాడ్ వేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. దీనివల్ల రోగి త్వరగా మంచం దిగే వీలు కలిగింది. మన దగ్గర పుత్తూరు కట్టుకు వంద ఏళ్లకు పైబడిన పేరుంది. ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు మీద రాయలసీమ ప్రజలకు గట్టి నమ్మకం. పక్కకు జరగని చిన్న విరుగుళ్లను కదలకుండా పట్టి ఉంచడం కట్టు చేయగలిగిన పని. తొడ ఎముక సంగతి వేరు. చుట్టూ ఉన్న బలమైన కండలు విరిగిన ముక్కలను ఒకదానిపైకి ఒకటి లాగేస్తాయి, కాలు పొట్టిపడుతుంది. బయటి కట్టు ఆ లాగుడును ఆపలేదు. పైగా వారాల తరబడి కదలనివ్వకపోతే పైన చెప్పిన కండ నష్టం తప్పదు. అందుకే తొడ ఎముకకు ఆసుపత్రే సరైన చోటు.

వ్యాయామం విషయంలో మలుపు రెండో ప్రపంచ యుద్ధం చివర్లో వచ్చింది. షికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రిలో తొడ విరిగిన, మోకాలు దెబ్బతిన్న సైనికులు నెలల తరబడి కోలుకోకుండా పడి ఉండేవారు. తేలికపాటి కదలికలు ఎక్కువసార్లు చేయించడమే అప్పటి పద్ధతి. అక్కడి యువ వైద్యుడు థామస్ డెలోర్మ్ చిన్నప్పుడు రుమాటిక్ జ్వరంతో మంచం పట్టి, తర్వాత బరువులెత్తి బలం తెచ్చుకున్నవాడు. ఆయన సైనికుల కాళ్లకు ఇనుప బరువులు కట్టి తక్కువసార్లు ఎత్తించి, వారం వారం బరువు పెంచాడు. 1945లో ఆయన ప్రచురించిన వ్యాసం కోలుకునే వైద్యానికి కొత్త పునాది వేసింది. 1948లో మరో వైద్యుడు వాట్కిన్స్‌తో కలిసి ఒక మోతాదు సూచించాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు ఎంతో కనుక్కోవాలి. అందులో సగంతో పదిసార్లు, ముప్పావుతో పదిసార్లు, పూర్తి బరువుతో పదిసార్లు ఎత్తాలి. బలం పెరిగేకొద్దీ ఆ బరువూ పెరగాలి. ఎనభై ఏళ్లలో వివరాలు మారాయి కానీ బరువు క్రమంగా పెరగాలన్న సూత్రం చెక్కుచెదరలేదు.

మన ప్రాంతానికి తొడ కండ సర్జరీతో పాత పరిచయం పోలియో ద్వారా కలిగింది. ముందు కండ చచ్చుబడిన పిల్లలు చేత్తో తొడను నొక్కి పట్టుకుని నడిచేవారు. వెనుక కండను ముందుకు తెచ్చి మోకాటి చిప్పకు కుట్టి, మోకాలు చాచే పని దానికి నేర్పించే ఆపరేషన్లు జరిగేవి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాలు నడిపే బర్డ్ ఆసుపత్రి పోలియో బాధితులకు దిద్దుబాటు సర్జరీలు చేసి ఎంతోమందిని నడిపించింది. 2011 జనవరిలో దేశంలో చివరి కేసు నమోదైంది, 2014 మార్చి 27న భారతదేశం పోలియోరహితమని ధ్రువీకరణ వచ్చింది. ఆ అనుభవం నేర్పిన పాఠం ఇప్పటికీ పనికొస్తుంది. వెనక్కి మడిచే కండ ముందుకు చాచడం నేర్చుకోగలిగిందంటే, సాధనతో నాడులు ఎంత మారగలవో ఊహించవచ్చు.

మోతాదు ప్రకారం వ్యాయామం

వ్యాయామం కూడా మందే. దానికి మోతాదు ఉండాలి, గడువు ఉండాలి, పెంచే క్రమం ఉండాలి. కింది క్రమం సాధారణమైనది. డాక్టరు మీకు పెట్టిన నిషేధాలే ముందు.

మొదటి రెండు వారాల్లో వాపు తగ్గించడం, కండను మేల్కొలపడం లక్ష్యం. కాలు చాచి పడుకుని, మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి ఐదు నుంచి పది సెకన్లు ఉంచి వదలాలి. ఇది రోజుకు చాలాసార్లు చేయవచ్చు. పాదాన్ని పైకి కిందికి ఆడిస్తూ ఉండాలి. డాక్టరు ఒప్పుకుంటే మోకాలు వంచకుండా కాలు జానెడు ఎత్తాలి. ఎత్తేటప్పుడు మోకాలు కొంచెం వంగిపోతుంటే ముందు కండ ఇంకా మేల్కోలేదని గుర్తు.

రెండు నుంచి ఆరు వారాల మధ్య నడక సరిచేసుకోవాలి. చేతికర్రను ఆపరేషన్ కాని కాలి వైపు చేతిలో పట్టుకోవాలి. మన దగ్గర చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల కుంటు పెరుగుతుంది. పక్కకు తిరిగి పడుకుని కాలు పైకెత్తే తుంటి వ్యాయామం ఈ దశలో వదలకూడదు.

ఆరు నుంచి పన్నెండు వారాల్లో సొంత ఒంటి బరువే పరికరం. ఎత్తైన కుర్చీ నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు వీపు ఆనించి కొద్దిగా కిందికి జారడం, ఒక్క మెట్టు ఎక్కి దిగడం, కదలని సైకిలు తొక్కడం చేయాలి. ఎత్తైన కుర్చీ తేలికైతే తక్కువ ఎత్తు కుర్చీకి మారాలి.

మూడు నెలల తర్వాత అసలు బలం కట్టే దశ వస్తుంది. సరిగ్గా ఇక్కడే ఎక్కువమంది ఆపేస్తారు, నడక వచ్చింది కదా అని. నడక తొడకు సరిపడా బరువు ఇవ్వదు. ఎనిమిది నుంచి పన్నెండుసార్లు ఎత్తేసరికి చివరి రెండుసార్లు బాగా కష్టమనిపించే బరువు కావాలి. అలా రెండు మూడు విడతలు, వారానికి రెండు మూడు రోజులు చేయాలి. జిమ్ లేనివాళ్లకు ఇంట్లోనే వస్తువులున్నాయి. లీటరు నీళ్ల సీసా ఒక కిలో. కొలిచి కుట్టిన ఇసుక సంచిని చీలమండకు కట్టుకోవచ్చు. ఐదు కిలోల బియ్యం సంచి ఒళ్లో పట్టుకుని కుర్చీ నుంచి లేవవచ్చు. ఎండాకాలంలో ఇవన్నీ తెల్లవారుజామునే ముగించడం మంచిది.

ఎంత నొప్పి వరకు చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. చేస్తున్నప్పుడు ఓర్చుకోగలిగిన నొప్పి ఉండి, మర్నాటికి తగ్గిపోతే ఫరవాలేదు. మర్నాడు ఉదయం వాపు పెరిగితే ముందురోజు మోతాదు ఎక్కువైందని అర్థం. పూర్తిగా మానకుండా మోతాదు తగ్గించాలి. పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం, కుట్ల దగ్గర చీము, ఉన్నట్టుండి ‘టప్’మన్న చప్పుడుతో కాలు చాచలేకపోవడం కనిపిస్తే వ్యాయామం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పిక్క సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోవచ్చు. అటువంటి కాలిని ఎవరూ పిసకకూడదు.

తోడ్పడేవి, తోడ్పడనివి

కండ మీద పలకలు అతికించి చిన్న కరెంటుతో బిగించే యంత్రం మొదటి వారాల్లో మంచి సాయం. మోకీలు మార్పిడి అయిన రెండు రోజుల్లోనే దీన్ని మొదలుపెట్టిన ఒక అమెరికా పరీక్షలో ఏడాది తర్వాత కూడా బలం మెరుగ్గా ఉన్నట్టు 2012లో వెల్లడైంది. అయితే కరెంటుకు తోడుగా రోగి కూడా కండ బిగించాలి. యంత్రం పెట్టించుకుని టీవీ చూస్తే వచ్చేది తక్కువ.

తొడ పైభాగంలో పట్టీ బిగించి రక్తప్రసరణ కొంత తగ్గించి, తేలిక బరువుతోనే కండ పెంచే పద్ధతికి జపాన్‌కు చెందిన యోషియాకి సాటో 1966లో బీజం వేశాడు. పెద్ద బరువులు ఎత్తకూడని దశలో ఇది ఉపయోగపడుతోందని పరిశోధనలు చెబుతున్నాయి. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నవాళ్లకు ఇది తగదు. ఇంట్లో గుడ్డ బిగించుకుని ప్రయత్నించే పని అసలే కాదు.

బాగున్న కాలికి వ్యాయామం చేయిస్తే దెబ్బతిన్న కాలికీ కొంత బలం అందుతుందన్నది వినడానికి వింతగా ఉన్నా నిజం. 1894లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్క్రిప్చర్ బృందం మొదట చూపిన ఈ ప్రభావాన్ని ఆ తర్వాత ఎన్నో పరీక్షలు నిర్ధారించాయి. నాడీవ్యవస్థ రెండు వైపులకూ నేర్చుకుంటుంది. కట్టులో ఉన్న రోజుల్లో మంచి కాలిని ఖాళీగా ఉంచకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

నూనె మర్దనకు మన ఇళ్లలో పెద్ద పేరు. కుట్లు పూర్తిగా మానాక మెల్లగా రుద్దితే మచ్చ మెత్తబడుతుంది, మనసుకు హాయి కలుగుతుంది. బలం మాత్రం రాదు. వ్యాయామానికి బదులు మర్దనతో నెలలు గడిపినవాళ్లు పోగొట్టుకునేది తిరిగిరాని కాలం.

తిండి: పథ్యం పేరుతో ఆకలి

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, మాంసం, పెరుగు పుండుకు పడవని ఆపరేషన్ అయిన మనిషిని కారం మెతుకుల మీద ఉంచే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. దీనికి ఆధారం లేదు. పుండు మానడానికీ, కండ కట్టడానికీ ప్రోటీన్ కావాలి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో రూపొందిన 2020 ప్రమాణాల ప్రకారం ఆరోగ్యవంతులకు రోజుకు కిలో ఒంటి బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అవసరం. ఆపరేషన్ తర్వాత 1.5 గ్రాముల వరకు కావాలని ఐరోపా పోషణ నిపుణుల మార్గదర్శకాలు చెబుతాయి. అంటే అరవై కిలోల మనిషికి సుమారు 90 గ్రాములు.

అది మన వంటింట్లోనే దొరుకుతుంది. రెండు గుడ్లలో 12 గ్రాములు, అర లీటరు పాలలో 16, వంద గ్రాముల ఉలవలు లేదా కందిపప్పులో సుమారు 22, యాభై గ్రాముల శెనక్కాయ విత్తనాల్లో సుమారు 12 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. సంగటి, అన్నం మిగతాది పూడుస్తాయి. వారంలో కొన్నిసార్లు నాటుకోడి పులుసు తోడైతే మరీ మంచిది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి పెంచుకోవాలి.

ఇంకో సంగతి. ఎండకు పేరుపడ్డ రాయలసీమలో డి విటమిన్ లోటు ఉందని తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యుడు సి.వి. హరినారాయణ్ బృందం చూపింది. తిరుపతి చుట్టుపక్కల ఆరోగ్యవంతులపై చేసిన వారి అధ్యయనం 2007లో అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. ఆహారంలో కాల్షియం తక్కువని, ధాన్యాల పొట్టులోని ఫైటేట్ ఉన్న కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వదని అందులో తేలింది. రాగుల్లో కాల్షియం వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే ఉంది. వాటిని నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టిస్తే ఫైటేట్ తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి ఇంటిపట్టునే ఉండేవాళ్లు డి విటమిన్ పరీక్ష గురించి అడగడం మంచిది.

తిరిగి పనిలోకి ఎప్పుడు

క్రికెటర్ కె.ఎల్. రాహుల్ 2023 మే 1న లక్నోలో ఐపీఎల్ మ్యాచ్‌లో బంతి వెంట పరుగెత్తుతూ తొడకు గాయం చేసుకున్నాడు. ఆ నెలలోనే లండన్‌లో తొడ టెండన్‌కు సర్జరీ జరిగింది. అప్పట్లో మన వి.వి.ఎస్. లక్ష్మణ్ అధిపతిగా ఉన్న బెంగళూరు జాతీయ క్రికెట్ అకాడమీలో కోలుకున్నాడు. సెప్టెంబరులో ఆసియా కప్‌లో పాకిస్తాన్‌పై అజేయంగా 111 పరుగులు చేశాడు. ఈ కథను ‘నాలుగు నెలల్లో అయిపోతుంది’ అని చదివితే పొరపాటు. ఆయన వెంట రోజూ ఫిజియోథెరపిస్టు, శిక్షకుడు, పోషకాహార నిపుణుడు ఉన్నారు. కోలుకోవడమే ఆయనకు ఆ నెలల్లో ఉద్యోగం. సామాన్యుడికి ఆరు నెలలు, కొందరికి ఏడాది పట్టినా అది ఓటమి కాదు.

ఎన్ని నెలలైంది అన్నదానికన్నా కాలు ఏం చేయగలుగుతోంది అన్నది మంచి కొలత. మోకాలి స్నాయువు సర్జరీ చేయించుకున్న క్రీడాకారులపై నార్వే పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు తొడల బలం దాదాపు సమానమయ్యాక ఆటకు తిరిగి వచ్చినవాళ్లకు మళ్లీ గాయం కావడం బాగా తక్కువగా కనిపించింది. మంచి కాలితో పోలిస్తే తొంభై శాతం బలం అన్న గీత ఇప్పుడు విస్తృతంగా వాడుకలో ఉంది. యంత్రం లేకపోయినా ఇంట్లో కొన్ని పరీక్షలు చేసుకోవచ్చు. మోకాటి చిప్పకు ఒకే ఎత్తులో రెండు తొడల చుట్టుకొలత టేపుతో కొలిచి నెలకోసారి రాసుకోవాలి. అర నిమిషంలో చేతులు ఆనించకుండా కుర్చీ నుంచి ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టాలి. గోడ పక్కన ఒంటికాలి మీద ఎంతసేపు నిలవగలరో చూసుకోవాలి. అంకెలు పెరుగుతుంటే దారి సరైనదే. రెండు నెలలైనా కదలకపోతే డాక్టరుకు చూపించాలి.

లోటు ఎక్కడుంది

2007 ఏప్రిల్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి పెద్ద ఆపరేషన్ అందుబాటులోకి తెచ్చింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. 2019 డిసెంబరులో ప్రారంభించిన ఆరోగ్య ఆసరా పథకం కింద, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5 వేలు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. కోలుకునే కాలానికి కూడా ఖర్చుంటుందని గుర్తించిన ఆలోచన అది, నిలబెట్టుకోవాల్సింది. అయినా విశ్రాంతికి డబ్బిచ్చినంత మాత్రాన కండ రాదు, వ్యాయామం చేయించే మనిషి కావాలి.

2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లా ఏర్పడినప్పుడు రాయచోటి దాని కేంద్రమైంది. అయినా పెద్ద ఎముకల వైద్యానికి కడప రిమ్స్‌కో తిరుపతికో వెళ్లడం ఇక్కడివారికి అలవాటు. కడప యాభై కిలోమీటర్లు దాటి ఘాట్ అవతల ఉంది. తిరుపతి వంద కిలోమీటర్లు దాటుతుంది. ఆపరేషన్‌కు ఒక్కసారి వెళ్లవచ్చు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి కాలు చాచుకుని బస్సులో వెళ్లి రావడం సాధ్యమయ్యే పని కాదు. ఒంటరి వృద్ధులు, భర్త గల్ఫ్‌లో ఉండగా ఇల్లు నడిపే ఆడవాళ్లు ఇక్కడే వెనకబడిపోతారు. ఆడవాళ్ల విషయంలో మరో కష్టం ఉంది. కాలు మోపగానే వంట, నీళ్లు, పశువుల పని మీద పడతాయి. ఇంటిపని చేస్తోంది కాబట్టి వ్యాయామం అక్కర్లేదనుకుంటారు. ఆ పని ఒళ్లు అలిసేలా చేస్తుంది, తొడకు కావలసిన క్రమమైన బరువు మాత్రం ఇవ్వదు.

ఇప్పటివరకు తెలిసినదంతా ఒక్కచోట పెట్టి చూస్తే తీర్పు స్పష్టం. సర్జరీ తెగినదాన్ని కలుపుతుంది. బలాన్ని తెచ్చేది క్రమంగా పెరిగే బరువు, సరిపడా ప్రోటీన్, నెలల తరబడి పట్టుదల. ఇందులో ఖరీదైనది ఏదీ లేదు. చెప్పి చేయించే ఏర్పాటు ఒక్కటే కరువు.

అందుకే మూడు విన్నపాలు. ఆపరేషన్ చేసే ఆసుపత్రులు డిశ్చార్జి కాగితంతో పాటు ఏ వారం ఏ వ్యాయామం, ఎంత బరువు, ఏది నిషేధం అన్నది తెలుగులో బొమ్మలతో రాసి ఇవ్వాలి. ప్రభుత్వం ప్రాంతీయ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టులను నియమించి, ఆపరేషన్ ప్యాకేజీలోనే కనీసం మూడు నెలల వ్యాయామ వైద్యాన్ని చేర్చాలి. ఇంట్లో ఆపరేషన్ అయిన మనిషి ఉన్న ప్రతి కుటుంబమూ ఆ మనిషి పళ్లెంలో పప్పు, గుడ్డు ఆపకూడదు. రోజూ అరగంట పక్కన కూర్చుని వ్యాయామం చేయించాలి. నడక వచ్చిందని మూడో నెలలో ఆపవద్దు. అప్పటినుంచే అసలు బలం మొదలవుతుంది.